ఫ్యాన్సీ డ్రెస్‌లో దొరకని సంస్కృతి

ఆగస్టు 29 దగ్గర పడుతోందంటే ప్రీస్కూళ్ళ నుంచి తల్లిదండ్రుల ఫోన్లకు ఒకే రకం మెసేజ్ వస్తుంది. రేపు తెలుగు భాషా దినోత్సవం, అబ్బాయిలకు పంచె కండువా, అమ్మాయిలకు పట్టులంగా జాకెట్టు, తప్పనిసరి అని. మూడేళ్ళ పిల్లాడికి ఎలాస్టిక్ పంచె కొంటారు. బొట్టు పెడతారు, వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. మర్నాడు అదే తరగతిలో ఆ పిల్లాడు "నీళ్ళు" అంటే "వాటర్ అనాలి" అని దిద్దుతారు.

ఆ రోజు గిడుగు రామమూర్తి పుట్టినరోజు. వ్యావహారిక భాష కోసం పోరాడారని స్టేజి మీద ఎవరో రెండు ముక్కలు చెప్తారు. చెప్పకుండా వదిలేసేది ఆయన చేసిన ఇంకో పని. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సవర భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టించారు, సొంత డబ్బు ఖర్చుపెట్టారు. సవర భాష మీద ఆయన రాసిన ఇంగ్లీషు వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయ్యాయి. ఈ రెండు పనులనీ వేరువేరుగా చూడటం మనకి అలవాటైపోయింది. నిజానికి వాటి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. పిల్లల నోట అప్పటికే ఉన్న మాటతో బడి మొదలవ్వాలి, వాళ్ళకి రాని మాటతో కాదు. తెలుగు పిల్లాడికి గ్రాంథికం ఎంత పరాయిదో, సవర పిల్లాడికి తెలుగు అంతే పరాయిది.

అందుకే మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల చదువులో "సంస్కృతి", "వైవిధ్యం" అనే మాటలు వినబడ్డప్పుడల్లా నాకు గుచ్చుకునేది ఒకటే. మనం వాటిని పండగలో, వేషంలో, గోడమీది చార్టులో వెతుకుతున్నాం. ఆ వయసు పిల్లలకు సంస్కృతంటే దాహం వేసినప్పుడు ఏమని అడుగుతారు, అన్నం ఎలా తింటారు, ఇంట్లో ఎవరు ఏమని పిలుస్తారు, ఎవరి పక్కన పడుకుంటే నిద్ర పడుతుంది, ఇవే. బడి వీటిని పట్టించుకోకుండా ఏడాదికి ఎన్ని "మన సంస్కృతి" కార్యక్రమాలు చేసినా పిల్లలకు అందేది ఏమీ లేదు.

వేషం నేర్పేది ఏమిటి

అమెరికాలో చిన్నపిల్లల విద్య మీద పనిచేసిన లూయీస్ డెర్మన్ స్పార్క్స్ 1980ల చివర్లో ఇలాంటి కార్యక్రమాలకు "టూరిస్ట్ కరిక్యులమ్" అని పేరు పెట్టారు. టూరిస్టు ఒక ఊరికి వెళ్ళి గుడి చూసి, అక్కడి తిండి రుచి చూసి, ఫొటో దిగి వచ్చేస్తాడు. ఆ ఊరి మనుషులు మామూలు రోజున ఎలా బతుకుతారో అతనికి తెలియదు. బడిలో ఏడాదికోసారి వచ్చే "సంస్కృతి దినం" కూడా అలాంటి ప్రయాణమే అని ఆమె వాదన.

మన దగ్గర దీని రూపం ఇంకా ఘోరంగా ఉంటుంది. ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో "గిరిజన వేషం" అని ఒకటి తప్పకుండా ఉంటుంది. పిల్లాడి ఒంటికి నల్లరంగో బొగ్గుపొడో పూస్తారు, నడుముకు ఆకులు కడతారు, తలకు ఈకలు గుచ్చుతారు, చేతికి బల్లెం ఇస్తారు. కోయలు కొమ్ముల తలపాగా పెట్టుకుని డోలు కొట్టి ఆడే నాట్యానికి ఒక సందర్భం ఉంది, అడుగుల లెక్క ఉంది, ఆ తలపాగాకి మర్యాద ఉంది. వేషంలో అవేవీ మిగలవు. మిగిలేది "వాళ్ళు నల్లగా ఉంటారు, బట్టలు కట్టుకోరు" అన్న ఒక్క ముక్క. ఆ తరగతిలోనే ఒక కోయ పిల్ల కూర్చుని ఉంటే? ఆ పిల్ల నాన్న ప్యాంటు చొక్కా వేసుకుని బైకు మీద దింపి వెళ్ళాడు. అక్కడ స్టేజి మీద బొగ్గు పూసుకుని గెంతుతున్నది తన మనుషులని ఆ పిల్లకి టీచరే చెప్తుంది.

మూడు నాలుగేళ్ళ పిల్లలకు రాష్ట్రం, దేశం, తెగ అనేవి అర్థం కావు. కళ్ళముందు ఉన్న తేడా మాత్రం బాగా అర్థమవుతుంది. ఎవరి ఒళ్ళు ఏ రంగు, ఎవరి మాట వేరుగా ఉంది, టీచరు ఎవరిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది, ఎవరిని దూరంగా కూర్చోమంటుంది, ఇవన్నీ వాళ్ళు గమనిస్తారు. "చిన్నపిల్లలు కదా, వాళ్ళకి తేడాలు తెలియవు" అనేది పెద్దవాళ్ళు చెప్పుకునే ఊరట. తేడా వాళ్ళకు తెలుసు. దానికి మంచి చెడ్డల లెక్క కట్టడం మన దగ్గర నేర్చుకుంటారు.

నీళ్ళు అడగడం రాని పిల్ల

సీతంపేట కొండల్లో సవర పిల్ల నీళ్ళని "డా" అంటుంది. ఏజెన్సీలో కోయ పిల్ల "ఏర్" అంటుంది, అది తెలుగు చెవికి వాగులా వినిపిస్తుంది. తండాలో లంబాడీ పిల్ల "పాణి" అంటుంది, అమ్మని "యాడి" అంటుంది. ఈ పిల్లలు అంగన్‌వాడీకి వచ్చిన మొదటి వారం టీచరుకు వాళ్ళ మాట అర్థం కాకపోతే ఏమవుతుందో చూడండి. పిల్ల అడుగుతుంది. జవాబు రాదు. రెండోసారి అడుగుతుంది, తోటి పిల్లలెవరో నవ్వుతారు. మూడోసారి అడగదు. "ఒంటికి" వెళ్ళాలని చెప్పలేక గౌను తడుపుకుంటుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల మాట్లాడదు, మూలన కూర్చుంటుంది. రెండు నెలలకి టీచరు నోట "ఈ పిల్ల మందం" అన్న మాట పడుతుంది. మూడేళ్ళకే పడ్డ ఆ ముద్ర ఒకటో తరగతి దాకా వెంట వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొత్త భాషలో పడ్డ ఏ పిల్లయినా కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మౌనంగా ఉండటం సహజం. ఆ సమయంలో చెవులు పనిచేస్తుంటాయి, నోరు తర్వాత తెరుచుకుంటుంది. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మాట్లాడకపోతే అది చాలావరకు కొత్త భాష వల్లే. ఇంట్లో కూడా మాట్లాడకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. ఈ రెంటినీ విడదీయాలంటే ఇంటికి వెళ్ళి అమ్మనో నాయనమ్మనో అడగడం తప్ప దారి లేదు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. పిల్లని చేర్చుకున్న వారంలోపు ఒక కాగితం మీద పదిహేను మాటలు ఇంటివాళ్ళని అడిగి తెలుగు లిపిలోనే రాసుకోవాలి. నీళ్ళు, ఆకలి, ఒంటికి, రెంటికి, నొప్పి, భయం, అమ్మ, ఇంటికి, రా, కూర్చో, తిను, చాలు, ఇంకా, వద్దు, నిద్ర. ఆ కాగితం తలుపు వెనక అంటించి టీచరు, ఆయా ఇద్దరూ వాటిని నోటికి తెచ్చుకోవాలి. పదిహేను మాటలతో భాష రాదు, నిజమే. అయినా పిల్ల "డా" అనగానే గ్లాసు చేతికి వస్తే బడి మీద ఆ పిల్లకి నమ్మకం కుదురుతుంది. మాట దిద్దకూడదు. నీళ్ళిస్తూ "ఇవిగో నీళ్ళు" అంటే చాలు, రెండు మాటలూ పక్కపక్కన చెవిలో పడతాయి.

కథ చెప్పేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక వాక్యం తెలుగులో, వెంటనే అదే వాక్యం కోయలో, మళ్ళీ తెలుగులో. చూడటానికి రెండు భాషలకూ న్యాయం చేసినట్టే ఉంటుంది. పిల్లలు మాత్రం తెలివైనవాళ్ళు. అర్థమయ్యే మాట వెనకాలే వస్తుందని తెలిశాక అర్థంకాని మాట వినడం మానేస్తారు. అందుకే భాషల్ని రోజులవారీగా విడదీయాలి. మొదటిరోజు గూడెంలోని ముసలమ్మతోనో, ఆ భాష వచ్చిన ఆయాతోనో ఆరు బొమ్మలు పెట్టుకుని కథ మొత్తం ఇంటిభాషలో చెప్పించాలి, పది పన్నెండు నిమిషాలు. రెండోరోజు అవే బొమ్మలు, ఈసారి పిల్లలు వాళ్ళ మాటల్లో చెప్తారు. మూడోరోజు అవే బొమ్మలతో టీచరు తెలుగులో చెప్తుంది, కొత్తమాటలు ఎనిమిదికి మించకుండా. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలు తెలుగు మాటకి అర్థం తామే పట్టుకుంటారు. నాలుగోరోజు ఆ కథ ఆడతారు. ఒక కథకి నాలుగు రోజులంటే టైము వృథా అనిపిస్తుంది. ఆ వయసులో పిల్లలకు కావలసిందే ఒకే కథ మళ్ళీ మళ్ళీ.

చాలా కేంద్రాల్లో ఆ భాష వచ్చిన మనిషి ముందే ఉంటుంది, వంటగదిలో. టీచరు మైదానం నుంచి వచ్చినావిడైనా, ఆయా ఆ గూడెం మనిషే అయి ఉంటుంది. పిల్లలతో అసలు మాట్లాడగలిగినావిడ గిన్నెలు తోముతూ ఉంటే, మాట్లాడలేనావిడ పాఠం చెప్తుంటుంది. రోజూ పొద్దున్న ఇరవై నిమిషాలు ఆయాని పిల్లల మధ్య కూర్చోబెట్టి కబుర్లు చెప్పించడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఆ ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర ఎవరుండాలన్న ఏర్పాటు మాత్రం ముందే చేసుకోవాలి, లేకపోతే రెండోరోజుకే ఆగిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు బహుభాషా విద్య మొదలైంది. సవర, కువి, కోయ, కొండ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. గిడుగు తలపెట్టిన పని వందేళ్ళకు ప్రభుత్వం చేతికి వచ్చిందని సంతోషించాలి. కానీ ఆ పుస్తకం పిల్ల చేతికి వచ్చేది ఒకటో తరగతిలో. అంతకుముందు మూడేళ్ళు అంగన్‌వాడీలో, విద్యాశాఖ కింద కాక మహిళా శిశు సంక్షేమ శాఖ కింద, ఆ పిల్ల గడిపేది ఎక్కువగా తెలుగులోనే. చెవి, నోరు అన్నిటికన్నా చురుగ్గా ఉన్న వయసులో ఇంటిభాష బయట ఉండిపోతుంది. అది కొంత వెనకబడ్డాక అక్షరాలతో తిరిగొస్తుంది. వరస తలకిందులైంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకటే దశ అంది, 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఇంటిభాషలో మొదలుపెట్టమంది. కాగితం మీద దారి పడింది. రెండు శాఖల మధ్య గోడ మాత్రం అలాగే ఉంది.

అమ్మానాన్నలు వద్దంటే?

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా తోసెయ్యడం నాకు ఇష్టం లేదు. "మా భాష మాకు వచ్చు, అది నేర్పడానికి మీరెందుకు? మా పిల్లకి తెలుగు నేర్పండి, ఇంగ్లీషు నేర్పండి" అని గూడెంలో తల్లులు నిలదీస్తారు. సంతలో, ఆస్పత్రిలో, ఆఫీసులో తెలుగు రాక వాళ్ళు పడ్డ అవమానం ఆ మాటలో ఉంది. సంస్కృతి కాపాడుకోమని వాళ్ళకి చెప్పేవాళ్ళ పిల్లలంతా ఇంగ్లీషు మీడియంలోనే ఉన్నారు. తల్లుల కోపానికి న్యాయం ఉంది.

నేనిచ్చే జవాబు ఇది. ఇంటిభాషతో మొదలుపెట్టడం ఆ భాషలో ఆపేయడానికి కాదు. ఇంటిభాషలో కథ విని, కారణం చెప్పి, ప్రశ్న అడగడం అలవాటైన పిల్ల రెండో భాషని ఆ అలవాట్ల మీద కట్టుకుంటుంది. అలవాట్లే లేకుండా రెండో భాషలో పడ్డ పిల్ల రైమ్స్ అప్పజెప్తుంది, "వాట్ ఈజ్ యువర్ నేమ్"కి జవాబు చెప్తుంది, తన మాటగా ఒక వాక్యం చెప్పమంటే తెల్లమొహం వేస్తుంది. తల్లులకు ఇది వాదనతో చెప్తే ఎక్కదు. నెలకోసారి వాళ్ళని పిలిచి పిల్లల చేత కథ చెప్పించాలి, ముందు ఇంటిభాషలో, తర్వాత తెలుగులో. తెలుగు కూడా వస్తోందని కళ్ళతో చూస్తేనే వాళ్ళ భయం తగ్గుతుంది.

రెండో అభ్యంతరం, ఒకే గదిలో మూడు భాషల పిల్లలుంటే? ఉట్నూరు వైపు గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ అన్నీ ఒకే కేంద్రంలో కలవొచ్చు. హైదరాబాదు బస్తీలో ఉర్దూ, తెలుగు, ఒరియా. అన్ని భాషల్లో పాఠం చెప్పడం ఒక టీచరు వల్ల కాదు, అడగడం కూడా అన్యాయం. అక్కడ సాధ్యమయ్యేది ప్రతి భాషకీ ఆ పదిహేను మాటల కాగితం, ప్రతి భాషలో ఒక జోలపాటో లెక్కపెట్టే ఆటో, ఒకే భాష పిల్లలు ఆటల్లో తమలో తాము మాట్లాడుకుంటే "తెలుగులో మాట్లాడండి" అని అడ్డుపడకపోవడం. ఈ మూడోది పైసా ఖర్చులేనిది, ఎక్కువగా తప్పిపోయేది కూడా ఇదే.

ఇంతా చేసి తెలుగు పిల్లలకైనా మనం ఇంటిభాష ఇస్తున్నామా అంటే అదీ లేదు. పల్లీలు, బుడ్డలు, వేరుశెనగలు, మూడూ ఒకటే గింజ. శ్రీకాకుళం పిల్ల "నాను" అంటుంది, "బేగి రా" అంటుంది. వరంగల్ పిల్లాడు "అంగి" అంటాడు. పుస్తకంలో "చొక్కా" ఉంది కాబట్టి అంగి తప్పని దిద్దే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. గ్రాంథికం పోయింది, దాని స్థానంలో ఒక ప్రాంతపు చదువుకున్నవాళ్ళ తెలుగు కూర్చుంది. గిడుగు పుట్టినరోజున శ్రీకాకుళం యాసని దిద్దడం నాకు బాధగా ఉంటుంది. ఆయన పుట్టింది ఆ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర.

పళ్ళెంలో ఏముంది

తిండి విషయంలో అంగన్‌వాడీ ప్రైవేటు ప్రీస్కూలు కన్నా చాలా ముందుంది, ఇది ఒప్పుకోవాలి. అందరూ ఒకే చాప మీద కూర్చుని, ఒకే గిన్నెలోది, చేత్తో తింటారు. కోడిగుడ్డు ఉంటుంది. చాలా ప్రైవేటు ప్రీస్కూళ్ళు బాక్సులో గుడ్డు కూడా తేవద్దంటాయి. ఇళ్ళలో మాంసం, చేపలు తినే పిల్లలే తరగతిలో ఎక్కువమంది ఉన్నా సరే. ఎండుచేపల కూర తెచ్చిన పిల్ల బాక్సు మూతతీయగానే టీచరు ముక్కు మూసుకుంటే, తన ఇంటి తిండి సిగ్గుపడాల్సిందని ఆ పిల్లకి జన్మలో మరవని పాఠం అందుతుంది.

గుడ్డు తినని ఇళ్ళ పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళకి బలవంతంగా పెట్టకూడదు, దొంగతనంగా అసలే పెట్టకూడదు. చేయాల్సింది, వరస మార్చకుండా అదే చాప మీద, గుడ్డు బదులు అరటిపండో ఇంకొంచెం పప్పో వెయ్యడం. "గుడ్డు తినేవాళ్ళు ఇటు, తిననివాళ్ళు అటు" అని రెండు వరసలు చేస్తే వడ్డన సులువవుతుంది. ఆ రెండు వరసలు చాలా ఊళ్ళలో రెండు కులాల వరసలుగా మారతాయి, పిల్లలు ఇంటికెళ్ళి ఆ లెక్కే చెప్తారు.

అంగన్‌వాడీ పళ్ళెంలో లోటు వేరే ఉంది. బియ్యం, కందిపప్పు, నూనె సరఫరా అవుతాయి కాబట్టి అన్నం, పప్పు, సాంబారు. ఇంట్లో చోడి (రాగి) అంబలి తాగే కొండపిల్ల, జొన్నగటక తినే ఆదిలాబాదు పిల్ల, సామల అన్నం తినే పిల్ల తన ఇంటి తిండిని బడిలో సాధారణంగా చూడదు. "మంచి తిండంటే తెల్లన్నం" అని ఎవరూ చెప్పక్కర్లేదు, పళ్ళెమే చెప్తుంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లకి రోజూ ఇన్ని కేలరీలు, ఇన్ని మాంసకృత్తులు అందాలని అంగన్‌వాడీ పథకానికి ఒక లెక్క ఉంది. చోళ్ళు, జొన్నలు, సామలు ఆ లెక్కకు అడ్డం రావు. పైగా చోళ్ళలో సున్నం (కాల్షియం) బియ్యంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పదిహేను రోజులకోసారి తల్లులు కేంద్రంలోనే వండేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఇళ్ళనుంచి వండి తెప్పించడం మాత్రం వద్దు, ఎవరింటిది ఎవరు తింటారన్న పేచీ అక్కడే మొదలవుతుంది. ఏ పూట వండిందో తెలియని అంబలి ఎండాకాలం పులిసిపోయి పిల్లలకు కడుపునొప్పి తెచ్చే ప్రమాదమూ ఉంది.

అమెరికాలో డేకేర్‌కి పిల్లల్ని పంపే తెలుగువాళ్ళకి ఈ నొప్పి బాగా తెలుసు. పాప చేత్తో పెరుగన్నం తింటుంటే చెంచా చేతిలో పెట్టి, నోరు తిరగలేదని పేరు సగానికి కోసి, దీపావళి రోజు మాత్రం "మీ డ్రెస్ వేసి పంపండి" అంటే కడుపు మండుతుంది. మండాల్సిందే. ఆ మంట మన ఊరి లంబాడీ తల్లికీ ఉంటుందని గుర్తుంటే చాలు.

గోడ, బొమ్మల పెట్టె

చార్టుల గురించి క్లుప్తంగా. మొదటిది, ఎత్తు. మూడేళ్ళ పిల్ల మూడడుగులు ఉంటుంది. చార్టులు పెద్దవాళ్ళ కంటి ఎత్తులో, ఐదారడుగుల పైన మేకులకు వేలాడుతుంటాయి. అవి సూపర్‌వైజర్ చూడటానికి. పిల్లల కోసమైతే నేల నుంచి రెండున్నర అడుగుల దగ్గర ఉండాలి.

రెండోది, బొమ్మల్లో ఏముందన్నది. "మన ఇల్లు" అంటే ఎర్రపెంకుల ఇల్లు, ముందు పూలమొక్కలు. "మన కుటుంబం" అంటే పేపరు చదివే తెల్లటి నాన్న, వంటింట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. ఇటుకబట్టీ పక్కన గుడిసెలో ఉండే పిల్లకి, నాన్న వలసపోతే తాత దగ్గర పెరిగే పిల్లాడికి అందులో చోటు లేదు. "మనకు సహాయపడేవారు" చార్టు ఇంకా ఇబ్బంది. కుమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి అని కులాల పేర్లే పనుల పేర్లుగా ఉంటాయి. "ఇది మీ నాన్న" అని ఒక పిల్లాడి వైపు చెయ్యి చూపిస్తే ఆ రోజుకి పాఠం అయిపోయింది, ఏళ్ళపాటు వాడి పేరు అదే. పని పేరు పనిగా చెప్పాలి, కుండలు చేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, జుట్టు కత్తిరించేవాళ్ళు అని. ఆ బొమ్మలో ఆడమనిషిని, మగమనిషిని ఇద్దరినీ వెయ్యాలి.

కొన్న చార్టుల కన్నా ఊళ్ళో తీసిన పన్నెండు ఫొటోలు మేలు. పిల్లల ఇళ్ళు, బావి, సంత, మసీదు, గంగమ్మ చెట్టు, చర్చి, చేను, మేకలు. ఫోనుతో తీసి అరచేతికన్నా కొంచెం పెద్దగా ప్రింటు తీయించి లామినేషన్ చేయిస్తే ఏడాది ఉంటాయి. పిల్లలు గంటసేపు మాట్లాడతారు వాటి ముందు, ఎందుకంటే చెప్పడానికి వాళ్ళ దగ్గర సంగతులున్నాయి.

బొమ్మరిల్లు ఆడుకునే మూలకి చాట, చిన్న రోలు, కొబ్బరిచిప్ప గరిటె, పాత లుంగీ, ఓణీ, టోపీ, తలపాగా గుడ్డ, ఇవి చాలు. గుడ్డబొమ్మలు పాతచీరతో కుట్టొచ్చు, పది పన్నెండు అంగుళాలు. ఒంటికి వాడే తెల్లగుడ్డని టీ డికాక్షన్‌లో నానబెడితే లేత చామనఛాయ, ఎక్కువసేపు మరిగిస్తే ముదురు వస్తుంది. రంగు నీళ్ళు రావడం ఆగేదాకా ఉతకాలి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కళ్ళకి గుండీలు కుట్టొద్దు, ఊడి గొంతులో అడ్డం పడతాయి, దారంతో కుట్టాలి. ఒకే తరగతిలో మూడు ఛాయల బొమ్మలుండి, పిల్లలు నల్లబొమ్మని కూడా "నా పాప" అని జోకొడుతుంటే, రంగు గురించి ఉపన్యాసం అవసరం ఉండదు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి, ఇవన్నీ ట్రంకుపెట్టెలో తాళం వేసి ఉండటం. పోతే, పాడైతే టీచరు జవాబు చెప్పుకోవాలి, అందుకని తనిఖీ రోజునే బయటికి వస్తాయి. బొమ్మ అరగడం నష్టం కాదని, వాడారనడానికి అదే రుజువని పైఅధికారి నోటితో చెప్పాలి.

సంస్కృతి పేరుతో వచ్చేదంతా మంచిదేనా

ఇది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సందేహం. ఇంటి అలవాట్లని గౌరవించాలంటే కులం కూడా ఇంటి అలవాటే. "వాళ్ళ ఆయా వండింది మా పిల్ల తినదు" అనే తల్లి కూడా సంస్కృతి పేరే చెప్తుంది. ఆడపిల్ల ముందు లేచి చాపలు దులపాలి, మగపిల్లాడు కూర్చోవాలి అన్నదీ అంతే.

ఇక్కడ నేను గీసుకునే గీత ఇది. పిల్ల తన ఇంటినుంచి తెచ్చుకున్న మాట, తిండి, పాట, పిలుపు, దేవుడు, వీటికి బడిలో చోటుండాలి. ఇంకో పిల్లని తక్కువ చేసే అలవాటుకి మాత్రం చోటు లేదు, అది ఎంత పాతదైనా. వంట విషయంలో రాజీపడి "ఆ రోజు వేరే ఆవిడ వండుతుంది" అని సర్దుబాటు చేస్తే ఆ గొడవ అంతటితో సర్దుమణగదు, దానికి ఆమోదం దొరుకుతుంది. పేచీ వచ్చిన రోజున టీచరు, సూపర్‌వైజర్ అందరి ముందు అదే కుండలోది పెట్టుకుని పిల్లల వరసలో కూర్చుని తినడం పనిచేస్తుంది. ఒకటి రెండు వారాలు కొందరు పిల్లలు రాకపోవచ్చు. ఆ రెండు వారాలు హాజరు తగ్గిందని పైనుంచి టీచరునే తిడితే మాత్రం ఇంకెప్పుడూ ఎవరూ నిలబడరు.

కేంద్రం ఎక్కడుందనేదీ ఇదే ప్రశ్న. మూడేళ్ళ పిల్ల నడిచిరాగలిగేది కొద్ది దూరమే. ఊళ్ళో పెద్దవీధిలో కేంద్రం ఉంటే వాడ పిల్లలు రారు, వాడలో ఉంటే పెద్దవీధి వాళ్ళు పంపరు. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశంలో అంగన్‌వాడీలను 14 లక్షలకు పెంచమంటూ దళితవాడలకు, గిరిజన గూడేలకు ముందు పెట్టమంది. అసలు అంగన్‌వాడీ అనే ఆలోచనకు మూలమే ఇది. చిన్నపిల్లల చదువు కోసం పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో బాలబడి పెడితే దళిత పిల్లలు రాలేదు. ఆమె పిల్లల కోసం ఎదురుచూడకుండా బడినే వాళ్ళ వాడకి, వాళ్ళ ముంగిళ్ళకి తీసుకెళ్ళారు. ముంగిట్లో బడి కాబట్టి అంగన్‌వాడీ. ప్రత్యేకంగా చేయించిన సామానుతో పిల్లలు తామే నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి ఆమెకు బాగా తెలుసు. ఆ ఖరీదైన సామాను బదులు గులకరాళ్ళు, గవ్వలు, ఆకులు, గింజలు వాడారు. తర్వాత శిష్యురాలు అనుతాయి వాఘ్‌తో కలిసి 1957లో కోస్‌బాడ్ కొండకి మారి వార్లీ గిరిజన పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు ఎక్కడుంటే బడి అక్కడికి వెళ్ళాలని ఆ ఇద్దరూ చేసి చూపించారు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం, ఆ పేరునే తీసుకుంది.

ఇప్పుడు కేంద్రంలో ప్రతి పిల్ల బరువు, ఎత్తు నెలనెలా రాస్తున్నారు. అదే రోజున, అదే పిల్ల పేరు ఎదురుగా మామూలు నోటుబుక్కులో ఇంకో మూడు గళ్ళు గీసుకోవచ్చు. ఇంట్లో ఏమని పిలుస్తారు, ఇంట్లో ఏ భాష, ఎవరి దగ్గర పడుకుంటుంది. పేరు గడి ముఖ్యం, ఒకే పేరున్న నలుగురిని విడదీయడానికి నల్లోడు, పొట్టోడు అని టీచరే పెట్టే అలవాటు దానితో పోతుంది. భాష గడిని ఊరు పేరు చూసి నింపొద్దు, గుమ్మం ముందు కూర్చున్న నాయనమ్మని అడగాలి. ఆ గడిని కాస్త వెడల్పుగా గీయాలి. ఆదిలాబాదు కొలాం ఇంట్లో అడిగితే కొలామి అని ఒకటి, గోండి అని ఇంకొకటి, రెండు భాషలు చెప్పవచ్చు.